ఐదుకీ ఆరుకీ సరిపోయే పోగులు

మా ఇంటిని లెక్కలోంచి తీసేశారని నాకు ఎవరూ చెప్పలేదు. ఆ పని నా చేతులతోనే చేయించారు కాబట్టి తెలిసింది.

అప్పుడు నేను ఆరో తరగతి చదువుతున్నాను. రెండు వేల సంవత్సరం దాటి కొన్నాళ్ళే అయింది. మారండహళ్ళికి బస్సులో అరగంట దూరం మా ఊరు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. బళ్ళో చదివిందంతా తమిళమే. ఈ తెలుగు అక్షరాలు ఇరవై ఏళ్ళు దాటాక, కుప్పం వైపు పోయే బస్సుల బోర్డులు కూడబలుక్కుంటూ పట్టుబట్టి నేర్చుకున్నవి. తప్పులుంటే సర్దుకోండి. నా మొండితనాన్ని మా వాళ్ళు ఇన్నేళ్ళుగా సర్దుకోలేదా?

మా తాతకు ఆరుగురు కొడుకులు, ఒక కూతురు. అందరిలోకీ పెద్దది ఆ కూతురే, నాకు అత్త. పెళ్ళయిన రెండేళ్ళకే మొగుడు పోతే పుట్టింటికి వచ్చేసింది. కొడుకుల్లో పెద్దవాడైన పెదనాయన ఇంటి వెనక ఒక చిన్న గదిలో తన పొయ్యి తాను వెలిగించుకుని బతికేది. ఆరుగురు కొడుకుల్లో ఐదోవాడు మా నాయన. నాకు పదేళ్ళప్పుడు కామెర్లు వచ్చి పోయాడు. మిగిలింది అమ్మ, నేను, ఎకరంన్నర మెట్ట.

ప్రతి సంవత్సరం ఆడి నెలలో, అంటే జులై ఆగస్టుల్లో, మా వంశంవాళ్ళంతా ఊరి బయట బండ మీదున్న కులదేవతకు మేకను కోస్తారు. ఆ మాంసాన్ని అక్కడే ఇంటింటికీ సమంగా పంచుకుంటారు. మా వైపు ఇళ్ళను తలకట్టుతో లెక్కపెడతారు. తలకు పాగా చుట్టే మగవాడు ఒకడుంటే ఒక తలకట్టు, అంటే ఒక ఇల్లు. మేకకు చందా తలకట్టుకు ఇంత, మాంసంలో భాగం తలకట్టుకు ఒకటి. తాత పోయాక ఆరు తలకట్లు, ఆరు భాగాలు.

పంపకానికి తక్కెడ తేకూడదు. అరిటాకులు పరిచి, చేత్తోనే పోగులు వేయాలి. ప్రతి పోగులోనూ ఇంత కండ, ఇంత ఎముక, ఇంత కార్జం, ఇంత కొవ్వు పడాలి. ఆ వేసే మనిషికి భాగం ఉండకూడదు, ఉంటే చెయ్యి తనవైపు మొగ్గుతుందని భయం. అందుకని ఎన్నో ఏళ్ళుగా ఆ పని అత్తదే. ఆడపిల్లకు భాగం ఎక్కడిది? పోగులు వేశాక, మాంసం కోసిన చాప మీద అంటుకున్న తునకలు గీరి తీసుకునేది, అంతే. తర్వాత ప్రతి ఇంటివాళ్ళూ ఒక గుర్తు ఇస్తారు. పెదనాయనది వక్క, ఇంకొకరిది సోడా మూత, ఇంకొకరిది రాగి కంకి, మాది ఆముదపు గింజ. భాగంలేని ఇంకో మనిషి ఎవరైనా వాటిని కళ్ళు మూసుకుని పోగుల మీద పెట్టాలి. గుర్తు పడిన పోగు ఆ ఇంటిది. ఒకసారి వేసిన పోగును కలపకూడదు, ఒకసారి పెట్టిన గుర్తును తీయకూడదు. ఇవి మా రాజ్యాంగం.

నాయన పోయిన సంవత్సరం మైల అని మమ్మల్ని పిలవలేదు. ఆ మరుసటి సంవత్సరం అమ్మా నేనూ గిన్నె పట్టుకుని బండ దగ్గరికి పోయాం. నేను స్కూలు ఎగ్గొట్టాను. మాంసం తిని ఎన్నాళ్ళయిందో నాకు రోజులతో సహా గుర్తు.

అత్త పోగులు వేసి చేతులు తుడుచుకుంటోంది. పెదనాయన అటూ ఇటూ చూసి నన్ను పిలిచాడు.

"పాపా, ఇట్ల రా. గుర్తులు నువ్వు పెట్టు."

నేను ఎగురుకుంటూ పోయాను. అంతకు ముందు ఎప్పుడూ నాకు ఆ పని ఇవ్వలేదు. మా చిన్నాయన కొడుకు అడ్డం పడ్డాడు, నేను పెడతానన్నాడు.

"నువ్వు పెట్టరాదురా, నీకు బాగముంది," అన్నాడు పెదనాయన. "ఈ పాపకు లేదు గదా."

మామూలుగా అన్నాడు. ఎండగా ఉంది అన్నట్లు అన్నాడు. నా అరచేతిలో వక్క, సోడా మూత, రాగి కంకి, ఇంకో రెండు. ఆముదపు గింజ లేదు. అరిటాకుల మీద పోగులు లెక్కపెట్టాను. ఐదు. ఇంకోసారి లెక్కపెట్టాను. అప్పుడు కూడా ఐదే. కళ్ళు మూసుకోమన్నారు, మూసుకున్నాను. ఐదు గుర్తులూ నేనే పెట్టాను.

అమ్మ ముందుకు వచ్చి, మా పోగు ఎక్కడని అడిగింది. అడగందే అమ్మయినా పెట్టదంటారు, మా అమ్మ అడిగినా ఎవరూ పెట్టలేదు.

"వేసేసినారు గదమ్మా," అన్నాడు పెదనాయన. "వేసిన పోగు కలిపేకి లేదు. నీకు తక్కువ చేస్తామా? ఇంటికొక పిడికిడు తీసి మీకు పెడతాము. ముందే చెప్పుంటే చూసుండొచ్చు. వచ్చే సంవత్సరం చూద్దాంలే."

నిజంగానే తలా ఒక పిడికెడు తీసి మా గిన్నెలో వేశారు. పిసినారితనం చూపలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. చిన్నాయన అయితే రెండు పిడికిళ్ళు వేశాడు. గిన్నె నిండింది. వాళ్ళ పోగుల కంటే మాదే కాస్త ఎక్కువేమో కూడా.

అమ్మ గిన్నెను అమ్మవారి రాయి ముందు పెట్టి, చీర కొంగు దోపుకుని, నా చెయ్యి పట్టుకుని ఇంటికి నడిచింది. గిన్నె కూడా తెచ్చుకోలేదు.

ఆ పూట మేము సంగటి, ఉలవల పులుసు తిన్నాం. వీధిలో ఐదిళ్ళ నుంచి మసాలా వాసన వస్తోంది. నాకు అమ్మ మీద పిచ్చికోపం వచ్చింది. ఆమెకు మానం ముఖ్యమైతే కావచ్చు, పదకొండేళ్ళ నాకు మాంసమే ముఖ్యం. "ఇచ్చినారు గదా, తీసుకుంటే ఏమయ్యేది?" అని ఏడ్చాను.

అమ్మ పెద్దగా మాట్లాడే మనిషి కాదు. "వాళ్ళు బాగం ఎత్తుకున్నారు. మనకు బిచ్చం వేసినారు. రెండూ ఒకే గిన్నెలో పట్టవు," అంది. నాకు అప్పుడు అర్థం కాలేదు. కడుపు నిండిన మాటల్లా అనిపించాయి, కడుపు మాత్రం నిండలేదు.

ఏడో తరగతిలో లెక్కల టీచర్ కొత్తగా వచ్చింది. మీచ్చిరు పొదు మడంగు అని ఒక పాఠం చెప్పింది. తెలుగు పిల్లలు దాన్ని కనిష్ఠ సామాన్య గుణిజం, క.సా.గు. అంటారని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. ఏ భాషలోనైనా నోరు తిరగదు. టీచర్ బోర్డు మీద ఒక లెక్క రాసింది. ఒకామె ఇంటికి చుట్టాలు వస్తున్నారు. ఐదుగురు రావచ్చు, ఆరుగురు రావచ్చు, ఆమెకు తెలియదు. ఎంతమంది వచ్చినా లడ్డూలు విరగ్గొట్టకుండా సమంగా పంచాలి. తక్కువలో తక్కువ ఎన్ని లడ్డూలు చేయాలి?

క్లాసులో ఒకడు పదకొండు అన్నాడు. ఒకమ్మాయి అరవై అంది.  ఐదో ఆరో. బండ, అరిటాకులు, నా అరచేతిలో ఐదు గుర్తులు.

లేచి నిలబడ్డాను. "ముప్పై, టీచర్. ఐదుగురైతే తలా ఆరు, ఆరుగురైతే తలా ఐదు."

టీచర్ మెచ్చుకుంది. నేను కూర్చోలేదు. "టీచర్, ఆ ఆరో మనిషి చుట్టమే కాదని మిగతా ఐదుగురూ అంటే?"

"అది లెక్కలో రాదు," అంది టీచర్. "కూర్చో."

కూర్చున్నాను, కానీ మనసు కూర్చోలేదు. పోయిన సంవత్సరం పెదనాయన చెప్పిన సాకు ఒకే ఒక్కటి: ఐదు వేసేశాం, వేసిన పోగు కలపకూడదు. ఈ సంవత్సరమూ అదే చెబుతాడు. వచ్చే సంవత్సరమూ అదే. ముందే అడిగితే చూద్దాంలే అంటాడు, తర్వాత అడిగితే అయిపోయింది అంటాడు. ఐదుకీ ఆరుకీ సరిపోయేటట్లు ముందే వేసి పెడితే ఆ సాకు పోతుంది. అప్పుడు మేము ఇల్లు కాదన్న మాటను మా మొహం చూసి నోరు తెరిచి చెప్పాల్సి వస్తుంది. చెప్పమను, చూద్దాం.

ఆ సాయంత్రమే అత్త గదికి పోయాను. అత్తకు చదువు లేదు. చింతపండు కొట్టి గింజలు తీస్తోంది. విషయమంతా చెప్పాను. కళ్ళు చిట్లించి విని, "ముప్పై ఏమిటికే? ఐదూ ఆరూ పదకొండు వేస్తే పోలే?" అంది. క్లాసులో ఆ పదకొండు అన్నవాడికి తోడు దొరికింది.

"నా పుస్తకంలో ముప్పైయే వస్తుందత్తా."

"నీ పుస్తకం చెప్తే సరిపోదు. నా గింజలు చెప్పల్ల."

చింతగింజలు ముందరికి లాక్కుంది. పదకొండు పెట్టి ఐదు వరుసలు చేసింది, ఒకటి మిగిలింది. పది పెట్టింది. ఐదుకు బాగా వచ్చింది, ఆరుకు నాలుగు మిగిలాయి. పన్నెండు పెట్టింది. ఆరుకు వచ్చింది, ఐదుకు రెండు మిగిలాయి. ఇట్లా ఒక్కొక్కటే. పద్దెనిమిది, ఇరవై, ఇరవై నాలుగు, ఇరవై ఐదు. ఒకటి కుదిరితే ఒకటి కుదరదు. అత్తకు పట్టుదల పెరిగింది, పొయ్యి మీద గంజి పొంగినా చూడలేదు. ముప్పై దగ్గర ఐదు వరుసలు పేర్చింది. వరుసకు ఆరు. మిగలలేదు. చెరిపి ఆరు వరుసలు పేర్చబోయి, చెయ్యి ఆపింది. చెరపాల్సిన పని లేదు. లేచి పక్కకు వచ్చి నిలబడి చూసింది. ఆ వైపు నుంచి ఐదు వరుసలు, ఈ వైపు నుంచి ఆరు.

"ఓసి దీని," అంది. చాలాసేపు ఆ గింజల చుట్టూ తిరిగింది. తర్వాత, "మీ అమ్మకు చెప్పినావా?" అంది.

"లేదు."

"చెప్పు. మనిషి గట్టిగా నిలబడకుంటే గింజలు ఏమీ చేయలేవు."

వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫర్వాలేదని సామెత. మా పంక్తిలో ఆకే వేయలేదు కాబట్టి, వడ్డించే మనిషిని ముందే కలుపుకోవడం తప్పని నేను అనుకోలేదు. ఇప్పుడూ అనుకోవడం లేదు.

ఆడి వచ్చింది. పెదనాయన చందాకు నాలుగిళ్ళకు పోయి, మా ఇంటి ముందు నుంచి తల వంచుకుని దాటిపోయాడు. అమ్మ తానే పోయి అరుగు మీద చందా పెట్టింది. "నీకేమిటికమ్మా కష్టం. నీ దగ్గర తీసుకుంటే నలుగురూ నన్నేమంటారు?" అన్నాడు. ఆ గొంతులో నిజంగానే దయ ఉంది. మా పెదనాయన చెడ్డవాడు కాదు, అదే చిక్కు. చెడ్డవాడైతే తిట్టి ఊరుకోవచ్చు. దయతో తుడిచేసేవాడితో ఎట్లా పోట్లాడాలి? అమ్మ పెట్టింది తిరిగి తీసుకోలేదు.

మేకను కోసిన రోజు బండ మీద అత్త నెమ్మదిగా పోగులు వేసింది. మొదట ముప్పై చోట్ల చిన్న ఎముకలు, తర్వాత కండ, తర్వాత కార్జం గోరంత గోరంత. ఆకుల మీద, చింతగింజల్లాగే, ఆ వైపు నుంచి ఐదు వరుసలు, రోడ్డు వైపు నుంచి ఆరు వరుసలు వచ్చేటట్లు పేర్చింది. మగవాళ్ళు వేపచెట్టు నీడన కూర్చుని మాట్లాడుకుంటున్నారు. పెదనాయనకు కొత్తగా సెల్‌ఫోను వచ్చింది, దాన్ని చెయ్యెత్తి సిగ్నలు వెతుక్కుంటూ బండ పైకి వచ్చాడు. పోగులు చూసి చెయ్యి దించాడు.

"ఇదేమక్కా, కోడిపిల్లలకు వేసినట్లు ఇన్ని వేసినావు?"

"ఐదిండ్లయితే ఇంటికి ఆరు. ఆరిండ్లయితే ఇంటికి ఐదు. రెంటికీ సరిపోతాది," అంది అత్త, చేతులు కడుక్కుంటూ. "ఎన్నిండ్లో నువ్వే చెప్పు తమ్ముడా. పెద్దోడివి."

ఐదుగురు అన్నదమ్ములూ దగ్గరికి వచ్చారు. అమ్మ ఈ వైపున, రోడ్డు వైపున నిలబడి ఉంది. ఆమె చేతిలో ఆముదపు గింజ ఉంది.  వేసిన పోగు కలపకూడదు. ఐదు వేసేశామని చెప్పడానికి లేదు.

పెదనాయన తెలివైనవాడు. మెత్తగా అన్నాడు. "ఐదిండ్లే. ఇంటికి ఆరు పోగులు తీసుకుందాము. తలా ఒక పోగు ఆ యమ్మకు ఇచ్చేద్దాము. మనకు ఐదు మిగులుతాయి, ఆ యమ్మకూ ఐదు వస్తాయి. లెక్కకు అంతా ఒకటే గదా. ఏమ్మా పాపా, నువ్వు చదువుకుండే దానివి, సరేనా?"

లెక్కేసి చూశాను. సరిగ్గా ఉంది. ఐదుగురు తలా ఒకటి ఇస్తే ఐదు. వాళ్ళకు ఐదు. ఒక్క తునక తేడా లేదు. నేను అంత కష్టపడి కనిపెట్టిన ముప్పైని ఆయన ఒక్క మాటతో మళ్ళీ బిచ్చంగా మార్చేశాడు. పోయిన సంవత్సరం అమ్మ చెప్పిన మాట నాకు అప్పుడు, ఆ బండ మీద, చెంపకు తగిలినట్లు అర్థమైంది.

నేను నోరు తెరిచేలోపు అమ్మ మాట్లాడింది. ఐదుగురు బావామరుదుల ముందు ఆమె గొంతెత్తడం నేను అదే మొదటిసారి వినడం.

"లెక్క సరే బావా. మీరిస్తే తీసుకునేకి నేను రాలేదు. మీ తమ్ముడు పోయినాడు, ఇల్లు పోలేదు. మూడు పూటలా నా పొయ్యి రాజుతానే ఉంది. తలపాగాలు లెక్కపెట్టేది చాలు, పొయ్యిలు లెక్కపెట్టండి. మాది ఇల్లు కాదంటే, కాదని ఈ యమ్మవారి ముందర చెప్పేయండి. ఇంక రాను."

పెదనాయన కాదని చెప్పలేదు. అవునని కూడా చెప్పలేదు. తడబడినవాళ్ళంతా చేసే పనే చేశాడు, అసలు మాట వదిలేసి తర్వాతి పనికి పోయాడు. "ఎండెక్కుతా ఉంది. పాపా, రా, గుర్తులు పెట్టు. నీకు బాగం..." అని మధ్యలో ఆగాడు.

"నాకు భాగముంది పెదనాయనా," అన్నాను. "నేను పెట్టకూడదు."

 ఆ మాట నోట్లోంచి బయటికి వచ్చాక ఎంత హాయిగా ఉందంటే, ఇంకోసారి అన్నాను. "నాకుంది. భాగం లేనోళ్ళను పిలుచుకోండి."

అక్కడున్న పిల్లలందరికీ భాగముంది. అత్తను అడిగితే, పోగు వేసిన చెయ్యి గుర్తు పెట్టకూడదంది. ఈగలు ముసురుకున్నాయి. మాంసం మీద ఎండ పడుతోంది. చివరికి చిన్నాయన పోయి, రోడ్డు మీద టమోటా గంప దించుకుని బస్సు కోసం నిలబడిన ఒకామెను బతిమాలి పిలుచుకొచ్చాడు. ఆమెది ఏరియూరు వైపు, మాలో ఎవరికీ తెలియదు. గంప ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని వెనక్కి చూసుకుంటూనే వచ్చింది.

ఆమె చేతిలో అన్నదమ్ములు తలా ఒక గుర్తు వేశారు. ఐదు. అమ్మ ముందుకు వచ్చి ఆముదపు గింజ వేసింది. ఎవరైనా చెయ్యి అడ్డం పెడతారేమోనని నేను చూశాను. పెదనాయన నోరు తెరిచాడు. బయటి మనిషి ముందు ఇంటి రచ్చ ఎందుకనుకున్నాడో ఏమో, మూశాడు.

ఆమె రోడ్డు వైపు నుంచి వచ్చింది కాబట్టి మా వైపే నిలబడింది. ఆమెకు మా వంశం తెలియదు, తలకట్లు తెలియవు. చేతిలో ఆరు గుర్తులున్నాయి, ముందు ఆరు వరుసలున్నాయి. "ఒక్కో వరుసకు ఒకటా?" అని తమిళంలో అడిగింది. అత్త ఒక్కతే తలూపింది. ఆమె కళ్ళు మూసుకుని, గబగబా ఆరు వరుసలకూ ఆరు పెట్టేసి, బస్సు వస్తోందని పరిగెత్తింది.

పెట్టిన గుర్తును తీయకూడదు. మమ్మల్ని కట్టేసిన తాడే వాళ్ళనూ కట్టేసింది. మూడో వరుస చివర మా ఆముదపు గింజ ఉంది.

న్యాయం గెలిచిందని నేను చెప్పను. ఎండా, ఈగలూ, ఏరియూరు ఆమె తొందరా కలిసి గెలిపించాయి. అయినా అమ్మ ఆ ఐదు పోగులూ ఎవరి చేతి నుంచీ తీసుకోకుండా తానే వంగి ఎత్తుకుంది. ఆ రోజు కూరలో ఉప్పెక్కువైంది. వేసింది మరచి రెండుసార్లు వేసిందట. నేను గిన్నె నాకాను.

ఆ తర్వాత వీధిలో మా పేరు మారిపోయింది. ఆ ఇంటి ఆడోళ్ళకు నోరెక్కువ అన్నారు. ఉన్న నోరు వాడుకుంటే ఎక్కువెట్లా అవుతుందో నాకు ఈ రోజుకీ తెలియదు. పెద్దమ్మ కొన్నాళ్ళు అమ్మతో మాట్లాడలేదు. కానీ చందాకు పెదనాయన మా గడప ముందు ఆగడం మొదలుపెట్టాడు. అమ్మవారి బండ దగ్గర ముళ్ళు కొట్టడానికి మనిషిని పంపమని కబురు కూడా వచ్చింది. ఇల్లయితే పనీ తప్పదు. అమ్మ కొడవలి తీసుకుని తానే పోయింది.

ఇక్కడితో ఆపితే నేను మంచి పిల్లనయ్యేదాన్ని.

ఎనిమిదో తరగతిలో, మళ్ళీ ఆడి దగ్గర పడుతున్నప్పుడు, అత్త గదికి పోయాను. "అత్తా, ఈసారి నలభై రెండు వెయ్యి," అన్నాను.

"ఏమిటికి? ఆరు ఖాయమైపోయినాది గదా. ఆరు పోగులు వేస్తే చాలు."

"ఆరుకీ ఏడుకీ సరిపోవాలంటే నలభై రెండు కావాల."

"ఏడో ఇల్లు ఎవురిది?"

 మండుతున్న ఆమె పొయ్యి వైపు చూశాను. పొయ్యిలు లెక్కపెట్టమని అమ్మ అన్నప్పుడు ఆ మాట ఎంతదూరం పోతుందో అమ్మ కూడా అనుకుని ఉండదు. అదే తాతకు పుట్టిన మనిషి, అందరికంటే ముందు పుట్టిన మనిషి, ఇన్నేళ్ళూ చాప గీరుకుంటోంది.

అత్తకు కోపం వచ్చింది. నేను ఎప్పుడూ చూడనంత కోపం. "పోవే. బాగం లేదనే గదా నా చేతిని నమ్మేది. నేనూ బాగం అడిగితే ఇంక నన్ను పోగులెయ్యనిస్తారా? నాకుండేది ఆ ఒక్క మర్యాద. దాన్నీ పోగొట్టేకి వచ్చినావా నువ్వు?"

 ఆమె చెప్పింది నిజం. ఆ లెక్కకు క.సా.గు. లేదు. మర్యాదకూ భాగానికీ రెండింటికీ కుదిరే సంఖ్య ఏ పుస్తకంలోనూ నాకు దొరకలేదు. తర్వాత రోజూ బస్సెక్కి పోయి ఇంజినీరింగు చదివిన నాలుగేళ్ళలో కూడా దొరకలేదు. తిట్లు తిని ఇంటికి వచ్చేశాను. అమ్మకు చెప్పలేదు.

మేకను కోసే రోజు బండ దగ్గరికి నేను కాస్త ఆలస్యంగా పోయాను. అత్త అప్పటికే వంగి పోగులు వేస్తోంది. నా వైపు చూడలేదు. దూరంగా నిలబడి లెక్కపెట్టాను. ఆరు దాటింది. పన్నెండు దాటింది. ముప్పై దగ్గర నడుం పట్టుకుని ఒకసారి నిలబడింది. ఆపేసిందనుకున్నాను. మళ్ళీ వంగింది. ముప్పై ఆరు.  చివరి కార్జం తునకలు వేలితో అద్ది వేసి లేచింది. ఏడు వరుసలు, వరుసకు ఆరు.

చాప గీరలేదు. చెంబులో నీళ్ళతో మోచేతుల దాకా కడుక్కుంది. వేపచెట్టు కింద తమ్ముళ్ళు కూర్చున్న వరుసలోకి నడిచి వచ్చి, పెదనాయన పక్కన, ఆయన కంటే పైన, వరుస మొదట్లో, కూర్చుంది.

పెదనాయన పోగుల వైపు చూశాడు. పెదవులు కదిలాయి, లెక్కపెడుతున్నాడు. లెక్క పూర్తయ్యాక పాగా సర్దుకున్నాడు. తర్వాత, ఏమీ జరగనట్లు, "సరే, గుర్తులు ఎవురు పెడతారక్కా?" అన్నాడు.

"రోడ్డు మీద ఎవురన్నా ఉంటే పిలుచుకో తమ్ముడా," అంది అత్త. "బాగం లేనోళ్ళు ఈడ ఎవురూ లేరు."